పెరటి గుమ్మం, తలకో షిల్లింగు

పూలతోటకీ, ఇంటికొచ్చి మంచంలో ఉన్నవాళ్ళకి కట్టు కట్టే నర్సుకీ ఏమిటి సంబంధం? పొడుపుకథ కాదండీ, చరిత్ర. ఇంగ్లండులో ఈ రెంటికీ నూరేళ్ళకు దగ్గరపడ్డ చుట్టరికం ఉంది. మన కృష్ణా డెల్టాలో అయితే అంతకంటే పాత చుట్టరికమే ఉంది గానీ, దాన్నెవరూ రాసిపెట్టలేదు. ఎందుకు రాయలేదంటే, ఆ పని చేసింది ఆడవాళ్ళు, చేసింది ఇంట్లో, చేసింది డబ్బు తీసుకోకుండా. అలాంటి పనులు ఏ పద్దులోకీ ఎక్కవు.

ముందు మన పెరటి సంగతి చెప్పుకుందాం.

మా అమ్మమ్మగారిది ఉయ్యూరు అవతల ఒక పల్లె. వీధివైపు అరుగు మగవాళ్ళది, పెరడు ఆడవాళ్ళది. నూతి పక్కన అరటి బోదెలు, అంట్లు తోమిన నీళ్ళు పారేచోట చేమదుంపలు, గోడవారన గోరింట, కరివేపాకు, నిమ్మ, మునగ. పూజకి మందారం, నందివర్ధనం. జడలోకి కనకాంబరాలు, చలికాలంలో డిసెంబరాలు. దడి దగ్గర వావిలి చెట్టొకటి. దాని పువ్వు ఎవరూ పెట్టుకోరు, కాయ ఎవరూ తినరు. అయినా దాన్ని కొట్టేస్తానంటే అమ్మమ్మ ఊరుకునేది కాదు. ఊళ్ళో ఏ ఇంట్లో బాలింత ఉన్నా వేణ్ణీళ్ళలో వేయడానికి ఆ ఆకే కావాలి. తెల్లారకముందే ఎవరో ఒకరు పెరటి గుమ్మం దగ్గర నిలబడి “అత్తయ్యగారూ, నాలుగు వావిలి రెమ్మలు కోసుకెళతానండీ” అనేవారట. దగ్గుకి తులసి, జలుబుకి వామాకు, కాలిన చోట కలబంద, అమ్మవారు పోస్తే వేపాకు. ఏ మొక్క దేనికి పనికొస్తుందో, ఎంతవరకు పనికొస్తుందో ఆడవాళ్ళు ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నదే.

ఈ పెరళ్ళు ఎప్పుడూ ఇంత పచ్చగా ఉన్నాయనుకోవద్దు. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, పెద్ద కరువొచ్చింది. గుంటూరు సీమలో ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది పోయారని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ముంగిట్లోంచే కృష్ణ పారి సముద్రంలో కలిసేది, పొలాలు మాత్రం ఎండిపోయేవి. బెజవాడ దగ్గర ఆనకట్ట పని 1852లో మొదలై 1855కి పూర్తయింది. కట్టించినవాడు కాప్టెన్ ఛార్లెస్ ఆర్, ఆ ఆలోచన వెనక ఉన్నది కాటన్ దొర. అప్పటినుంచీ కాలువలొచ్చాయి, కాలువలతో నూతుల్లో నీళ్ళూరాయి, నూతుల చుట్టూ పెరళ్ళు పెరిగాయి. ఆ పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మా విజయవాడ మధ్యలోంచి పోయే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఇవన్నీ ఆ కథలో భాగమే.

ఇక్కడ మీకో విశేషం చెప్పాలి. ఈ కాలువల గురించి లండన్‌లో కూర్చుని గట్టిగా వాదించినవాళ్ళలో ఒకావిడ ఉంది. నర్సుల గురించి మాట్లాడినప్పుడల్లా మనం తల్చుకునే ఫ్లారెన్స్ నైటింగేల్. ఆవిడ ఏనాడూ ఇండియా రాలేదు. అయినా ఇక్కడి కరువుల లెక్కలు తెప్పించుకుని చదివేది, కాటన్‌తో ఉత్తరాలు నడిపేది. రైళ్ళకి పెట్టే డబ్బు నీళ్ళకీ పెట్టండి, జనం బతుకుతారు అన్నది ఆవిడ వాదన. 1874లో దీనిమీద ఒక చిన్న పుస్తకమే వేసింది. కట్టు కట్టడం ఒక్కటే నర్సు పని కాదు, మనిషి మంచాన పడకుండా చూడడం కూడా నర్సు పనే అని ఆవిడ నమ్మకం. ఆ లెక్కన మన పెరటి నూతిలో నీళ్ళకి కూడా నర్సమ్మతో చుట్టరికం కలుస్తోంది కదా!

అయితే మన పెరటిని తల్చుకుని ఊరికే మురిసిపోతే సగం చరిత్రే చెప్పినట్టు. మిగతా సగం పెరటి గుమ్మం దగ్గర ఉంది. మంత్రసాని ఆ గుమ్మంలోంచే వచ్చేది. వీధి గుమ్మం ఆవిడకి లేదు. ఇంటి వారసుణ్ణి మొదట పట్టుకున్న చేతులు ఆవిడవి. బిడ్డకి నీళ్ళు పోసి, తల్లికి నడుం కట్టి, మాయ పాతిపెట్టి, అన్నీ అయ్యాక ఆవిడ చేటలో బియ్యం, ఒక పాత చీర తీసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయేది. ఆవిడ కులం పేరు చెప్పి దూరంగా కూర్చోబెట్టేవారు. ఆవిడ పేరేమిటని మా అమ్మని అడిగాను. “అందరూ మంత్రసాని అనే పిలిచేవారే” అంది. మా అమ్మ పుట్టినప్పుడు వచ్చిందీ ఆవిడే.

పెరటి ఆకులు అన్నిటినీ ఆపలేదు కూడా. అమ్మమ్మకి తొమ్మిది కాన్పులైతే ఐదుగురం మిగిలామని అమ్మ చెబుతుంది. ఆ నలుగురి గురించి అమ్మమ్మ ఎప్పుడూ మాట్లాడలేదు. వావిలాకు నీళ్ళు ఒంటి నొప్పుల్ని తీసి ఉంటాయేమో గానీ, ధనుర్వాతాన్నీ రక్తస్రావాన్నీ ఆపలేవు. చదువుకున్న చెయ్యి ఒకటి సమయానికి ఇంటికి రావాలి. ఆ చెయ్యి ఇంగ్లండులో ఇంటికెలా వచ్చిందో చూద్దాం.

1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి భార్య జబ్బుపడి చనిపోయింది. ఆఖరి రోజుల్లో ఆవిణ్ణి చూసుకోవడానికి మేరీ రాబిన్సన్ అనే నర్సుని పెట్టుకున్నారు. భార్య పోయాక ఆయనకో ఆలోచన వచ్చింది. ఇంత డబ్బున్న నా ఇంట్లోనే నర్సు చెయ్యి ఇంత మేలు చేసిందే, ఏమీ లేనివాళ్ళ ఇళ్ళల్లో ఏమిటి గతి? మూడు నెలలు జీతమిస్తాను, ఊళ్ళో బీదవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సేవ చెయ్యమని ఆవిణ్ణే అడిగాడు. నెల తిరక్కుండానే మేరీ ఏడుస్తూ తిరిగొచ్చింది, ఆ ఇళ్ళల్లో అవస్థ చూడలేక. ఆయన నచ్చజెప్పి మళ్ళీ పంపాడు. మూడు నెలలయ్యేసరికి ఇక ఈ పని మానను అనేసిందావిడ. అలాంటి నర్సులు ఇంకా కావాలంటే ఎక్కడా దొరకలేదు. అప్పుడు రాత్‌బోన్ నైటింగేల్‌కి ఉత్తరం రాశాడు. మీ ఊళ్ళోనే తయారు చేసుకోండి అని ఆవిడ సలహా. లివర్‌పూల్‌లో నర్సుల శిక్షణ మొదలైంది. ఊరిని 18 పేటలుగా విడగొట్టి, పేటకో నర్సుని పెట్టారు. ఇంటింటికీ తిరిగే నర్సుకి ఇంగ్లీషులో “డిస్ట్రిక్ట్ నర్స్” అనే పేరు అలా వచ్చింది. డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు, ఆ పేట.

1887లో విక్టోరియా రాణి పట్టానికి యాభై ఏళ్ళు నిండితే, ఆ దేశపు ఆడవాళ్ళు పెన్నీ నుంచి పౌండు దాకా ఎవరికి తోచింది వాళ్ళు వేసి దాదాపు 70 వేల పౌండ్లు పోగుచేసి ఇచ్చారు. రాణి అందులో ఎక్కువ భాగం ఈ ఇంటింటి నర్సుల సంస్థకే ఇచ్చింది. అయితే ఆ సంస్థకి ప్రభుత్వ జీతాల్లేవు. నర్సుకి జీతం, సైకిలు, ముసలితనంలో ఆసరా అన్నీ చందాల మీదే నడవాలి.

తోట కథలోకి వచ్చేది ఇక్కడే. 1925లో అలెగ్జాండ్రా రాణి పోయింది. నర్సుల సంస్థకి ఆవిడ పెద్దదిక్కు. ఆవిడ పేరుమీద నిధి పోగుచేయాలని 1926లో అనుకున్నారు. ఆ సంస్థ సభ్యుల్లో ఎల్సీ వాగ్ అనే ఆవిడ ఉంది. దేశం నిండా ఇంత అందమైన తోటలున్నాయి, గోడల వెనక వాటిని చూసేది ఇంటివాళ్ళూ వాళ్ళ స్నేహితులూ తప్ప ఎవరూ లేరు. ఒక్కరోజు గేటు తీసి, తలకో షిల్లింగు తీసుకుని అందరినీ రానిస్తే ఏం? ఇదీ ఆవిడ మాట. 1927లో 609 తోటలు తలుపులు తీశాయి. అందులో ఐదో జార్జి రాజుగారి సాండ్రింగ్‌హామ్ తోట కూడా ఉంది. 8 వేల పౌండ్లకు పైగా వచ్చింది. పౌండుకి ఇరవై షిల్లింగులు కాబట్టి మీరే లెక్క వేసుకోండి, తలకో షిల్లింగంటే లక్షా అరవై వేల టిక్కెట్ల డబ్బన్నమాట. 1931 నాటికి తెరిచిన తోటలు వెయ్యి దాటాయి. ఏ తోట ఏ రోజు తెరుస్తారో చెప్పే పుస్తకం పసుపు అట్టతో వచ్చేది, అందుకని దాన్ని పసుపు పుస్తకం అనే అంటారు. 1948లో ప్రభుత్వమే అందరికీ వైద్యం పెట్టి ఇంటింటి నర్సుల్ని కూడా తన కిందికి తీసుకుంది. ఇక తోటలు మూసేస్తారేమో అనుకుంటాం. మూయలేదు. రిటైరైన నర్సులకనీ, కాన్సరు వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళే నర్సులకనీ, ఆఖరి దశలో ఉన్నవాళ్ళని చూసుకునే సంస్థలకనీ ఆ డబ్బు వెళ్తూనే ఉంది. ఇప్పుడు ఏటా మూడు వేలకు పైగా తోటలు తెరుస్తారు.

మా అమ్మాయి కాపురం ఇంగ్లండులో. మనవడు పుట్టాక రెండోసారి వెళ్ళినప్పుడు, ఒక జూన్ ఆదివారం అలాంటి తోట ఒకటి చూశాను. రోడ్డు పక్కన చెట్టుకి పసుపు కాగితం కట్టి ఉంది, ఈరోజు తోట తెరిచి ఉందని. గడ్డి పొలంలో కార్లు పెట్టించారు. గేటు దగ్గర చెట్టు కింద మడతబల్ల, దానిమీద డబ్బులపెట్టె, పక్కన కార్డు గీకే యంత్రం. మనిషికి ఆరు పౌండ్లు, పిల్లలకి ఊరికే. రాజభవనం కాదు, పాత ఇటుకల ఇల్లు, దాని వెనక ఎకరం లోపు తోట. గులాబీలు గోడెక్కి ఇంటి కప్పుదాకా పోయాయి. లావెండరు వరసలో తేనెటీగల రొద. వెనక కూరపాదులు కూడా ఉన్నాయి, చిక్కుడు తీగలకి కర్రలు పాతారు, అచ్చం మనలాగే. ఒక మూల బంతి నారు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మన సంక్రాంతి గొబ్బెమ్మల మీద పెట్టే బంతి, నిజానికి మెక్సికో నుంచి ఇక్కడికొచ్చింది. వాళ్ళ తోటకీ అక్కడి నుంచే వెళ్ళింది. పూలకి వీసాలు అక్కర్లేదు, నాకే ఆ కాగితాలకి రెండు నెలలు పట్టింది.

షెడ్డులో ఆ ఊరి ఆడవాళ్ళు టీ, కేకులు అమ్ముతున్నారు. ఎవరింట్లో చేసిన కేకు వాళ్ళు తెచ్చారు, ఆ డబ్బూ పెట్టెలోకే. తోట యజమానురాలికి డెబ్భై దాటి ఉంటాయి. గోళ్ళలో మట్టి, కాళ్ళకి బూట్లు. ఎన్నేళ్ళుగా తెరుస్తున్నారని అడిగాను. తొమ్మిదేళ్ళు అంది. భర్త ఆఖరి నాలుగు నెలలూ ఇంట్లోనే ఉన్నాడట. వారానికి రెండుసార్లు నర్సు వచ్చి, మందులు చూసి, ఈవిడకి కూడా ఒక గంట నడుం వాల్చుకునే వీలిచ్చి వెళ్ళేదట. ఆ నర్సుని పంపిన సంస్థకి ఇలాంటి తోటల డబ్బు వస్తుందని ఆయన పోయాక తెలిసింది. మరుసటేడు వీళ్ళ గేటూ తెరుచుకుంది. చెప్పడం అయ్యాక నన్నడిగింది, “మీ ఊళ్ళో నర్సు ఇంటికొస్తుందా?” అని.

“మా ఊళ్ళో కోడలుంటుంది” అన్నాను.

ఆవిడ నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో చెబుతాను. మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలు మంచంలో ఉన్నారు. విజయవాడలో ఆస్పత్రులకి కొదవలేదు, గొప్ప డాక్టర్లున్నారు. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంచి, బాగానే చూసి, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. ఇంటికి తెచ్చాక ఏం చేయాలో ఎవరికీ తెలీదు. ఒక ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఇరవై ఏళ్ళ పిల్లని పంపారు. పాపం ఆ పిల్లకి ఎవరూ ఏమీ నేర్పలేదు. మనిషిని పక్కకి తిప్పడం కూడా రాదు. నెలలోపు అత్తయ్యగారికి నడుం దగ్గర పుండు పడింది. మా వీధిలో రిటైరైన నర్సుగారు ఒకావిడ ఉన్నారు. ఆవిడొచ్చి చూసి, రెండు గంటలకోసారి పక్క మార్చాలనీ, మడమల కింద దిండు ఎలా పెట్టాలో, దుప్పటి మడతలు పడకుండా ఎలా లాగాలో, మింగేటప్పుడు పొలమారకుండా తల ఎలా ఎత్తాలో నాకు చేసి చూపించారు. నాలుగు రోజుల పని. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. అత్తయ్యగారు మంచంలో ఉన్న ఆ పద్నాలుగు నెలల్లోనే మా అమ్మాయి పెళ్ళయింది. దాని పెళ్ళి ఫోటోల్లో నేను రెంటిలోనే ఉన్నాను.

మన దగ్గర చరిత్ర వేరే దారిలో నడిచింది. అక్కడ 1887లో రాణి ఇంటింటి నర్సులకి డబ్బిచ్చింది. ఇక్కడ అంతకు రెండేళ్ళ ముందు, 1885లో, వైస్రాయి భార్య లేడీ డఫ్రిన్ ఇండియా ఆడవాళ్ళ వైద్యం కోసం ఒక నిధి పెట్టింది. ఆడ డాక్టర్లు, జనానా ఆస్పత్రులు దాంతో వచ్చాయి. మగ డాక్టరు ముందుకి రాలేక ప్రాణాలు పోగొట్టుకునే రోజుల్లో అది చిన్న మేలు కాదు. మన డెల్టాకి పడమటి కొసన గుంటూరులో, 1883లో అమెరికా నుంచి అన్నా కూగ్లర్ అనే డాక్టరమ్మ వచ్చింది. 1898లో ఆడవాళ్ళకోసం ఆస్పత్రి తెరిచింది. 1930లో చనిపోయేదాకా ఆవిడ బతుకంతా ఆ పనికే ఇచ్చింది. విక్టోరియా రాణి పోయాక, ఆవిడ జ్ఞాపకంగా లేడీ కర్జన్ 1903లో ఇంకో నిధి పెట్టింది. అది మంత్రసానులకి శిక్షణ ఇవ్వడానికి. పెరటి గుమ్మంలోంచి వచ్చే ఆ పేరులేని మనిషికి ఎవరో ఒకరు పాఠం చెప్పాలని అనుకోవడం గొప్ప విషయమే. కానీ చాలాచోట్ల ఆవిణ్ణి మురికిచేతుల మనిషిగానే చూశారు తప్ప, ఆవిడకి తెలిసిందేమిటని అడిగినవాళ్ళు తక్కువ.

మొత్తమ్మీద మన వైద్యం ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చింది. అక్కణ్ణుంచి ఇంటి మంచం దాకా ఉన్న దూరం మాత్రం ఆడవాళ్ళకి వదిలేశారు. 2005 నుంచి ఆశా కార్యకర్తలున్నారు, అంతకుముందు నుంచీ ఏఎన్ఎమ్‌లున్నారు. కాన్పులూ టీకాలూ పసిపిల్లలూ వాళ్ళ చేతిలో ఉన్నాయి, ఆ పనికే వాళ్ళకి రోజు చాలదు. నెలల తరబడి మంచాన ఉన్న పెద్దవాళ్ళ పక్కన మిగిలేది కోడలో, కూతురో, పెళ్ళామో. 1860లో వచ్చిన నైటింగేల్ పుస్తకం నర్సుల కోసం రాసింది కాదని మీకు తెలుసా? ఇళ్ళల్లో రోగుల్ని చూసుకునే మామూలు ఆడవాళ్ళ కోసం రాసింది. ఇది నేర్చుకుంటే వచ్చే పని, పుట్టుకతో ఆడదానికి వచ్చేది కాదు అని ఆవిడకి తెలుసు. మనకి మాత్రం ఇప్పటికీ “ఆడపిల్ల కదా, చేస్తుందిలే” అన్నదే శిక్షణ.

పెరళ్ళు కూడా ఇప్పుడు లేవు. సత్యనారాయణపురంలో, గవర్నరుపేటలో, పటమటలో పెరడున్న ఇల్లు కనబడితే ఆగి చూస్తాం. పెరడు పోయి పార్కింగ్ వచ్చింది, పెరటి గుమ్మం పోయి లిఫ్టు వచ్చింది. పొద్దున్నే రెమ్మ కోసం వచ్చే మనిషి లేదు కాబట్టి, ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో కూడా తెలీడం లేదు. నాకు వావిలి చెట్టు పోయిందని కాదు బెంగ, ఆ వంకతో తెలిసే ఊసు పోయింది.

మరి చేయగలిగిందేమైనా ఉందా? మన పక్కనే ఉంది. కేరళలో 1993లో కోళిక్కోడ్‌లో కొందరు డాక్టర్లూ స్నేహితులూ కలిసి, నయంకాని జబ్బులున్నవాళ్ళ నొప్పి తగ్గించడానికి ఒక సంఘం పెట్టారు. ఆ దశాబ్దం చివరికి అది మలప్పురం వైపు పల్లెల్లోకి పాకింది. ఇరుగుపొరుగు వాళ్ళే శిక్షణ తీసుకుని, నర్సుతో కలిసి ఇళ్ళకి వెళ్తారు. డబ్బు ఎక్కడిదంటే కొట్లల్లో పెట్టిన డబ్బాల్లో చిల్లర, బడిపిల్లలు వేసే రూపాయలు, కూలివాళ్ళు ఇచ్చే చిన్న మొత్తాలు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీన్నొక విధానంగానే ప్రకటించింది, దేశంలో అదే మొదటిది. తలకో షిల్లింగు అన్నట్టే, తలకో రూపాయి.

మనకి మాత్రం తోట తెరిచే ఆచారం లేదా? ఉంది! కార్తీక మాసం వస్తే మనం చేసేదేమిటి? నూజివీడు వైపో, ఆగిరిపల్లి వైపో, మైలవరం వైపో ఎవరిదో మామిడితోటలోకి వెళ్ళి, ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేసుకుంటాం. తోట గలవాళ్ళు ఆ రోజు గేటు తీస్తారు, వద్దనరు. వనభోజనాలంటే సొంత తోటని నలుగురికీ తెరవడమే కదా. కానీ ఈమధ్య ఆ గేటు దగ్గర కూడా ఒక బోర్డు వేలాడుతోంది, ఫలానా కులం వారి వనభోజన మహోత్సవం అని. చెట్టు నీడకి కులం లేకపోయినా, టెంటుకి వచ్చింది. షిల్లింగు తెచ్చిన మనిషి ఎవరైనా లోపలికి రావచ్చన్నదే ఎల్సీ వాగ్ తోటల్లో అసలు సంగతి. బీదవాడికి అప్పట్లో షిల్లింగూ బరువే, కాదనను. అయినా గేటు దగ్గర అడిగింది టిక్కెట్టే, ఇంటిపేరు కాదు.

మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఫ్లాట్లు. డాబా మీద కుండీల్లో కూరలూ పూలూ పెంచేవాళ్ళం పదకొండు మందిమి. ఈ కార్తీకంలో ఒక ఆదివారం డాబా తెరుద్దామని అనుకున్నాం. మనిషికి వంద రూపాయలు, పిల్లలకి ఊరికే. పులిహోర ఒకరిది, గారెలు ఒకరివి, కాఫీ నాది. వచ్చిన డబ్బుతో మా వీధి నర్సుగారి చేత నాలుగు ఆదివారాలు పాఠం చెప్పిస్తాం. పక్క ఎలా మార్చాలి, పుండు పడకుండా ఎలా చూడాలి, పొలమారకుండా ఎలా తినిపించాలి, ఎప్పుడు ఇంట్లో ఆపుకోకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆవిడ డబ్బు వద్దన్నారు. తీసుకోవాల్సిందేనని మేం పట్టుబట్టాం, ఎందుకంటే ఊరికే చేసే పనిని ఎవరూ పనిగా చూడరు. మగవాళ్ళు కూడా నేర్చుకోవాలని షరతు పెట్టాం. మావారు మొదట పేరిచ్చారు.

మీటింగులో ఒకావిడ అడిగింది, “మన అపార్ట్‌మెంట్ వాళ్ళకేనా, బయటివాళ్ళక్కూడానా?” అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంట్లు తోమే అమ్మాయి వాళ్ళ అమ్మ రెండేళ్ళుగా మంచంలో ఉందని, ఆ అమ్మాయికే ఈ పాఠం అందరికంటే ముందు కావాలని పక్కింటి పిన్నిగారు అన్నారు. అంతే, ఆ మాట మీద తేలిపోయింది. వీధి గేటు తీసే ఉంచుతాం, లిఫ్టు అందరికీ, ఇంట్లో మంచాన మనిషి ఉన్నవాళ్ళకి టిక్కెట్టు లేదు.

లెక్కలు రాయడానికి రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాం. మొదటి పేజీలో పైన “నర్సుగారి పద్దు” అని రాసి, కింద వరసగా పేర్లు రాయడం మొదలుపెట్టాం. ఇంటిపేర్లు వద్దనుకున్నాం.